జీవదయాసాగరుడూ, ఉబ్బిన ఏనుగూ

పళ్ళన్నీ ఊడిపోయాక గువ్వలకోట మహారాజు వల్లభదేవుడికి భూతదయ పుట్టింది. నలభై ఏళ్ళు జింక మాంసం నమిలిన నోటితోనే, "ఇకమీదట నా రాజ్యంలో ఏ మూగజీవీ దిక్కులేక చావకూడదు" అన్నాడు. ఊరి చివర జీవదయాశాల కట్టించాడు. కుంటి గుర్రాలు, గజ్జి కుక్కలు, ఎవరికీ అక్కర్లేని గాడిదలు అక్కడికి చేరాయి. పట్టాభిషేకం నాడు రాజుని మోసిన ముసలి ఏనుగునీ అక్కడే కట్టేశారు.

శాల పెత్తనం నాగసానికి ఇచ్చాడు. ఆమె రాణిగారికి తాంబూలం కట్టే మనిషి. రాజుకి ఎదురు చెప్పి కూడా తల నిలబెట్టుకున్నది కోటలో ఆమె ఒక్కతే. విరాళాల పెట్టె తాళం మాత్రం కొమ్మన మంత్రి మొలలో ఉండేది.

మంత్రికి 'జీవదయాసాగర' అనే బిరుదు మీద కన్ను. ఒకరోజు నిండు సభలో లేచాడు.

"మహారాజా, దాతలిచ్చే ప్రతి కాసూ జంతువు నోట్లోకే పోవాలి. పేడ ఎత్తే ఆడవాళ్ళకి జీతాలేమిటి? దాతల మనసు నొచ్చుకుంటోంది."

"మరి పేడ ఎవరెత్తుతారు మంత్రిగారూ?" అంది నాగసాని.

"వాళ్ళే. ఆడవాళ్ళది తల్లి మనసు. తల్లి ఎక్కడన్నా చాకిరీకి జీతం అడుగుతుందా?"

సభలో మగవాళ్ళంతా తలలూపారు. ఇంటి దగ్గర వేడి అన్నం, ఉతికిన పంచె ఎవరివి వాళ్ళకి గుర్తొచ్చినట్టున్నాయి.

"ఆ పెట్టెకి తాళం వేసినందుకు మీకు నెలకి వంద వరహాలు ముడుతున్నాయి. అదేమిటి మరి?"

"అది జీతం కాదు. గౌరవం."

ఇద్దరు కొట్లాడుకుంటుంటే చూడటం రాజుకి మహా సరదా.

"మాటలెందుకు నాగసానీ. నెలాఖరులోగా మంత్రి నోటితోనే ఆ ఆడవాళ్ళకి జీతం ఇస్తాననిపించు. అనిపిస్తే ఇప్పిస్తా. లేకపోతే నువ్వు తమలపాకుల దగ్గరికి, వాళ్ళు ఇళ్ళకి."

శాలలో పనిచేసే ఎనిమిది మందికీ ఈ కబురు తెలిసింది. ఏనుగు పని చూసే పోతమ్మ చీపురు కింద పెట్టి కూలబడింది.

"ఇంటికి పోతే పొయ్యి వెలగదక్కా. ఆ మహానుభావుడి నోరు మన కోసం తెరుచుకుంటుందా?"

"మన కోసం తెరవడు. తన కోసం తెరుస్తాడు. కాస్త ఓపిక పట్టు" అంది నాగసాని.

మర్నాడు నాగసాని సభలో చేతులు జోడించింది. మంత్రిగారి ప్రేమ ముందు తమ ప్రేమ ఏపాటిదని ఒప్పుకుంది. ఆ బిరుదేదో శాలలోనే, జంతువుల మధ్యే ఇస్తే శోభగా ఉంటుందని మనవి చేసింది. మంత్రి ముఖం పూరీలా పొంగింది. రాజు ముహూర్తం పెట్టించాడు.

ముహూర్తానికి ముందురోజు మంత్రి పుట్టినరోజు. ఊరంతా చూస్తుండగా బండెడు లడ్డూలు తెచ్చి, స్వహస్తాలతో ఏనుగుకి పెట్టాడు.

"దానికి గడ్డి పెట్టాలండీ, లడ్డూలు కాదు" అని నాగసాని అడ్డం పడింది.

"దాత ఆనందం కూడా చూడాలమ్మా" అన్నాడు మంత్రి.

ఏనుగుకి మొహమాటం లేదు. బండి ఖాళీ చేసింది.

తెల్లారి రాజు, రాణి, సభ అంతా శాలకి తరలివచ్చేసరికి ఏనుగు పొట్ట నగారాలా బిగిసిపోయి ఉంది. వైద్యుడు తట్టి చూశాడు.

"లోపల గట్టిపడింది ప్రభూ. భుజం దాకా ఆముదం రాసుకుని, వెనకనుంచి చెయ్యి పెట్టి తియ్యాలి. సాయంత్రం దాకా ఆగితే దక్కదు."

పోతమ్మ చెంగు బిగించి ముందుకొచ్చింది. నాగసాని ఆమె చెవిలో, "క్షణం ఆగు. ఏనుగు ఊపిరి బరువెక్కితే పందెం సంగతి మర్చిపోయి నీ పని నువ్వు చెయ్యి" అంది. తర్వాత ఆముదం గిన్నె పట్టుకుని రాజు ముందు నిలబడింది.

"ఇది ప్రేమతో చేసే పనని సభలోనే తేలింది మహారాజా. మా దగ్గరున్న ప్రేమ చెంబెడు. సాగరం అదిగో, పట్టుబట్టలు కట్టుకుని కూర్చుంది."

మంత్రి గొంతు సవరించుకున్నాడు. "ప్రేమ ఉంది గానీ, నాకు నేర్పు లేదు."

"నేర్పు మేం చెబుతాం. చెయ్యి మీరు పెట్టండి."

"లే కొమ్మనా" అన్నాడు రాజు. "నీ లడ్డూలతో నా ఏనుగు చచ్చిందంటే ఆ తర్వాత నీ సంగతి చూస్తాను."

మంత్రి గిన్నె అందుకుని ఏనుగు వెనక్కి వెళ్ళాడు. ఏనుగు తోకెత్తింది. లోపల్నించి ఉరుము ఉరిమింది. మంత్రి తలపాగా ఎగిరి గాడిద ముందు పడింది.

"ఎవరైనా రండర్రా. వరహా ఇస్తాను."

ఎనిమిది మంది ఆడవాళ్ళూ చూరు మీద కాకుల్ని చూస్తూ నిలబడ్డారు.

"రెండిస్తాను. మూడు. పోనీ, ఐదు."

"ఈ ఒక్క పనికా, నెలకా?" అంది పోతమ్మ.

"నెలకే."

"నా ఒక్కదానికేనా?"

"అందరికీ. ఎనిమిది మందికీ నెలకి ఐదేసి వరహాల జీతం. నా తల్లీ, ముందు నువ్విటు రా."

పోతమ్మ గిన్నె లాక్కుని భుజం దాకా ఆముదం రాసుకుంది. పక్కకి తప్పుకోమని మంత్రికి చెప్పింది కూడా. ఆయన కాస్త ఆలస్యం చేశాడు. ఆమె చెయ్యి పెట్టి లాగగానే పుట్టినరోజు లడ్డూలన్నీ ఒక్కసారిగా పట్టుబట్టల మీదికి వచ్చాయి.

ఏనుగు హాయిగా చెవులాడించింది. నాగసాని రాజు వైపు తిరిగింది.

"మంత్రిగారి నోటితోనే, మహారాజా."

బోసినోటి రాజు కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. సభ అంతా నవ్వింది. రాజు తన మెడలో ముత్యాలహారం తీసి చాచాడు.

"హారం వద్దు ప్రభూ. ఆ ఐదు వరహాలూ మొగుళ్ళ చేతికి కాదు, వీళ్ళ చేతికే ఇవ్వాలని ఆజ్ఞ వెయ్యండి."

అంతదాకా నవ్విన మగవాళ్ళు ఆగిపోయారు. ఆడవాళ్ళు మొదలెట్టారు. అందరికంటే ముందు నవ్వింది రాణిగారు. ఆవిడ ముఖం చూసి, రాజు మారుమాట్లాడకుండా ఆజ్ఞ వేశాడు.