పాముల్ని వాసన చూసిన డోలుగాడు

అనగనగా ఒక అడవి. ఆ అడవిని ఆనుకుని ఈరమ్మవ్వ వేరుశనగ చేను. ఆ అవ్వకు డోలుగాడని ఒక కుక్క ఉండేది. పేరుకు తగ్గ గొంతే వాడిది. బుర్ర సంగతి వినండి మరి.

రోజూ తెల్లారగానే అవ్వ చెప్పుల్లేకుండా చేను గట్ల మీద తిరిగొచ్చేది. ఆమెకు చూపు సరిగా ఆనదు. అందుకని డోలుగాడు ముందు నడిచి, దారిలో ఏముందో చెప్పేవాడు. వాడి మాట నమ్మే ఆమె అడుగేసేది.

ఒకరోజు గట్టు మీద పొడుగాటి పాము కనబడింది. డోలుగాడు ముక్కు ఆనించి వాసన చూశాడు. ఎలుక వాసన.

"ఎవరు నువ్వు?" అన్నాడు.

"జెర్రిపోతుని. మీ చేలో ఎలుకల్ని తినేది నేనే. ముక్కు తియ్యి, కితకితలవుతోంది," అంది పాము.

మర్నాడు కాలవ పక్కన ఇంకొకటి. కప్ప వాసన.

"నీరుకట్టెని. తొక్కకుండా పొమ్మను మీ అవ్వని," అంది అది.

ఇంకేముంది, డోలుగాడు ఊళ్లో కుక్కల్ని కూర్చోబెట్టి పాఠం మొదలెట్టాడు. "ఎలుక వాసనొస్తే జెర్రిపోతు. కప్ప వాసనొస్తే నీరుకట్టె. రెంటికీ విషం లేదు. రాసుకోండి."

రెండు పాముల్ని చూసి గురువైపోయాడు. అలాంటివాళ్లు మనుషుల్లోనూ ఉన్నారు, పేర్లు మాత్రం నన్నడక్కండి.

మూడోనాడు ఎండుటాకుల్లో లావుగా, పొట్టిగా ఒక పాము చుట్టుకుని ఉంది. వీపు మీద గొలుసులాంటి మచ్చలు. డోలుగాడు గాలి పీల్చాడు. ఎలుక వాసన.

"జెర్రిపోతే," అన్నాడు ధీమాగా.

తుమ్మచెట్టు మీది గోరింక నవ్వింది. "జెర్రిపోతుకు గొలుసు మచ్చలెక్కడివి బావా?"

"తిన్నది ఎలుకనే కదా?"

"ఎలుకను పిల్లీ తింటుంది. పిల్లిని కూడా జెర్రిపోతంటావా?"

డోలుగాడికి చెవులు వేడెక్కాయి. ఆ పాము మెత్తగా పిలిచింది. "దగ్గరికొచ్చి వాసన చూడు తమ్ముడూ, అనుమానం తీరిపోతుంది."

డోలుగాడి ముక్కు ముందుకు సాగింది. తెలీదంటే ఊరి కుక్కలు నవ్వవూ?

వెనక నుంచి అవ్వ కేకేసింది. "ఏం పామురా డోలుగా? రావచ్చా?"

వాడు వెనక్కి చూశాడు. అవ్వ వట్టి పాదం అప్పటికే పైకి లేచి ఉంది.

"నాకు తెలీదవ్వా. రావద్దు. ఆ పక్క గట్టు మీద పోదాం."

అవ్వ పాదం వెనక్కి పెట్టింది. డోలుగాడూ వెనక్కి జరిగాడు. అప్పుడు ఆ పాము కొలిమి తిత్తిలా బుస్సుమంది.

"అమ్మో, అది రక్తపింజర బావా," అంది గోరింక.

డోలుగాడు చెట్టు మీదికి మొరిగాడు. "ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"నాకు మాత్రం ఏం తెలుసు? బుస వింటేగాని పోల్చుకోలేకపోయా. అందుకేగా చెట్టు దిగలేదు."

సాయంత్రానికి ఊరి కుక్కలన్నీ చుట్టూ చేరాయి. "గురువుగారికి పాము పేరు తెలీదట," అని పడీ పడీ నవ్వాయి.

"నవ్వుకోండి," అన్నాడు డోలుగాడు. "అక్కడ మా అవ్వ రొట్టెలు కాలుస్తోంది, నేను పోవాలి."

నీతి: తెలియనిదానికి తెలిసిన పేరు తగిలించకండి. తెలీదని చెప్పి దూరంగా నిలబడితే పోయేది కాస్త పరువే.