తొమ్మిదో నంబరు వరుస

ఎవరు ఏ ప్రశ్న వేసినా దానియేలు గారు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. "పొలంలోకి పోదాం పదండి" అనేవారు. రెండు రకాలను కలిపి పుట్టించిన మొక్కజొన్న సంకరాలను పరీక్షించడంలోనే ముప్పై ఏళ్ళు గడిపిన మనిషి ఆయన. ఆయన దగ్గర పరిశోధనకు చేరిన ఈరమ్మ ఒకరోజు ఇలా అడిగింది.

"సార్, కరువుకు ఓర్చుకునే రకాన్ని ఎలా గుర్తుపట్టాలి?"

అది పుస్తకం చదివి అడిగిన ప్రశ్న కాదు. ఆమెది ఆదోని దగ్గర వాననే నమ్ముకున్న సేద్యపు ఇల్లు. రెండేళ్ళ కిందట వానలు మొహం చాటేసినా పచ్చగా నిలబడిన చేను చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. తీరా పొత్తులు ఒలిస్తే గింజల్లేవు. ఆనాటి నుంచి వాళ్ళ నాన్న మొక్కజొన్న పేరెత్తలేదు.

ఆ వేసవిలో పరిశోధన కేంద్రంలో ముప్పై సంకరాలు వేశారు. పూతకు రెండు వారాల ముందు అన్నిటికీ ఒకేసారి నీళ్ళు ఆపేశారు. పది రోజులు తిరిగేసరికి పదిహేడో నంబరు వరుస ఏమీ ఎరగనట్టు నిగనిగలాడుతోంది. తొమ్మిదో నంబరు ఆకులు గొట్టాల్లా చుట్టుకుపోయాయి. కింది ఆకులు నాలుగూ ఎండి గాలికి గలగలమంటున్నాయి.

"తొమ్మిది పోయినట్టే సార్. తీసేద్దామా?" అంది ఈరమ్మ. తీసేస్తే ఆ సంకరం కథ అక్కడితో సరి, ఏ రైతు చేలోకీ చేరదు.

ఆయన ఔననలేదు, కాదనలేదు. "కొన్నాళ్ళు రోజూ పొద్దున్నే వచ్చి ఆ రెండు వరుసల దగ్గరా నిలబడు" అన్నారు.

నిలబడింది. ఐదో రోజున రెండు వరుసల్లోనూ మొక్కల తలల మీది పూగుత్తులు విచ్చుకుని పుప్పొడి రాలడం మొదలైంది. ఆ పొడి కింద పొత్తు కొసన వచ్చే పీచు మీద పడితేనే గింజ. పదిహేడులో ఎంత వెతికినా పీచు జాడ లేదు. తొమ్మిది దగ్గరికి వచ్చి, వాడిన ఆకును పక్కకు తప్పించి చూసి ఈరమ్మ అక్కడే ఆగిపోయింది. చిటికెన వేలంత పొత్తు కొసన లేత పీచు అప్పుడే బయటికి వస్తోంది. వేలితో తాకింది. తడిగా ఉంది. నెర్రెలిచ్చిన నేలలో, ఎండిన ఆకుల మధ్య, ఆ కాస్త చోటే పసిబిడ్డ తలలా మెత్తగా, తడిగా ఉంది. చెయ్యి తీయడానికి చాలాసేపు మనసొప్పలేదు.

పదిహేడుకు పీచు రావడానికి మరో తొమ్మిది రోజులు పట్టింది. అప్పటికి పుప్పొడంతా రాలిపోయింది.

కోత నాడు ఆ రెండు వరుసల నుంచీ ఒక్కో పొత్తు తీసి ఈరమ్మే ఒలిచింది. పదిహేడుది పెద్దదే, కానీ బెండు మీద అక్కడొకటి ఇక్కడొకటి గింజలు. తొమ్మిదిది జానెడైనా లేదు. మొదలు నుంచి కొస దాకా సందు లేకుండా గింజే. దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని ఆమె గురువు దగ్గరికి నడిచింది.

"నేలా ఒకటే, ఎండా ఒకటే. దీనికి మాత్రం ఇంత నీరు ఎలా మిగిలింది సార్?"

దానియేలు గారు ఆ పొత్తును అందుకుని, కాసేపు చూసి, మళ్ళీ ఆమె చేతుల్లోనే పెట్టారు.

"అది గింజకు ఇచ్చింది మిగిలిన నీరు కాదమ్మా, తన ఆకులకు దక్కాల్సిన నీరు" అన్నారు.