లక్కపూసల మొలతాడు

గంగులప్పకు ఆ మఠంలో అన్నీ సహించేవి, ఒక్క తిప్పన్న పొట్ట తప్ప.

మఠం పెన్న ఒడ్డున చిన్న గుట్ట మీద ఉంది. కంబగిరి తాత దానికి పెద్ద. శిష్యులు కొద్దిమందే. పగలొక బంతి భోజనం, పొద్దుగుంకే ముందు ఒక బంతి. రాగిసంగటి, పప్పు, నంజుకోను ఊరిబిండి పచ్చడి, చివర్లో పల్చటి మజ్జిగ. కడుపులో సగం తిండికి, పావు నీళ్ళకు, మిగిలిన పావు గాలికి అని తాత చెప్పేవాడు. ఆ మాట చెప్పేవాళ్ళు ఊరికొకరుంటారు. తాత మాత్రం చెప్పి ఊరుకోకుండా దానికొక కొలత పెట్టాడు.

ఆ కొలత మొలతాడు. కొత్తగా చేరినవాడి నడుముకు తాతే తన చేత్తో పేనిన నూలుతాడు చుట్టేవాడు. రెండు కొసలూ సరిగ్గా కలిసేచోట కోసి, కొసకొక లక్కపూస అంటించేవాడు. తాడు బిగుసుకుంటే ఒక ముద్ద తగ్గించుకోవాలి. జారితే ఒక ముద్ద పెంచుకోవాలి. అమావాస్యనాడు అందరూ తాళ్ళు విప్పి, పసుపునీళ్ళలో ముంచి, గోడమీద ఆరేసి మళ్ళీ కట్టుకునేవాళ్ళు. పూసకు పూస తాకితే వాడు చేరిననాటి మనిషిగానే ఉన్నట్టు.

దీనికి తోడు తాత కట్టుబాటు ఒకటుండేది. ఎవరి తాడు వాళ్ళే తడుముకోవాలి, ఎవరి విస్తరాకు వాళ్ళే చూసుకోవాలి. పక్కవాడి ఆకులోకి తొంగిచూడటం ఆ మఠంలో ఎంగిలి తినడంతో సమానం.

గంగులప్ప పూసలు ఏళ్ళ తరబడి తాకుతూనే ఉన్నాయి. సన్నగా, రివటలా ఉండేవాడు. మఠానికి వచ్చినవాళ్ళు తాతకు దండం పెట్టి, ఆ తర్వాత గంగులప్ప నడుము చూసి, నియమమంటే ఇదీ అనేవాళ్ళు. అది విననట్టు మొహం పెట్టడం కూడా అతనికి బాగా అలవాటైపోయింది.

తిప్పన్న ఎండాకాలం మొదట్లో వచ్చి చేరాడు. గానుగ ఆడించే ఇంటివాడు. మనిషి కంటే ముందు పొట్ట గడప దాటింది. అతనికి తాడు పేనడానికి తాతకు మామూలు కంటే ఎక్కువ నూలు పట్టింది. బంతిలో గంగులప్ప పక్కనే చోటు దొరికింది.

కథ అక్కడే మొదలైంది. తిప్పన్న పిడికెడు సంగటి తినేవాడు, నమిలి నమిలి తినేవాడు. రెండోసారి గరిటె వస్తే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఎండలు పోయి వానలు వచ్చాయి. గంగులప్ప కంటికి మాత్రం ఆ పొట్ట వచ్చిననాడు ఎలా ఉందో అలాగే కనిపించింది.

ఒకరోజు ఇక ఆగలేక తాత దగ్గరికి వెళ్ళాడు. తాత అరుగు మీద కూర్చుని నూలు పేనుతున్నాడు.

"తాతా, తిప్పన్న బంతిలో పిడికెడు తింటాండాడు. అంత తినేవానికి అంత పొట్ట ఎట్లుంటాది?"

"ఆ పొట్ట గానుగ కాడ పెరిగింది. ఈడ పెరిగింది కాదు."

"ఇన్ని దినాలకు తగ్గల్ల గదా? తగ్గలేదంటే యాడనో దొంగగా తింటాండాడు."

"చూసినావా?"

"చూసేదేముంది తాతా? పొట్టే చెప్తాంది."

తాత పేనుతున్న నూలు మీదనుంచి కళ్ళెత్తలేదు. గంగులప్పకు రోషం వచ్చింది.

"దొంగతిండి తినేవాని పక్కన కూర్చోని నేను తినలేను. వాడన్నా ఉండల్ల, నేనన్నా ఉండల్ల."

అప్పుడు తాత తలెత్తాడు.

"సరే. అమావాస్య దాకా చూడు. వాడు తింటాంటే నీ కండ్లతో చూసి చెప్పు. పంపిచ్చేద్దాం."

చూడకపోతే ఏమిటన్నది గంగులప్ప అడగలేదు, తాతా చెప్పలేదు. గంగులప్ప మటుకు సంతోషంగా లేచాడు. పక్కవాడి ఆకు చూడటానికి తాత దగ్గరే అనుమతి దొరికింది కదా మరి.

ఆ పూటనుంచి అతని కళ్ళు తన ఆకు మీద నిలవలేదు. తిప్పన్న ముద్ద ఎంత తీశాడు, ఎన్నిసార్లు నమిలాడు, ఊరిబిండి ఎంత నంజుకున్నాడు, అంతా కనిపెడుతున్నాడు. వడ్డించేవాడు వచ్చి గరిటె వంచితే వంచాడు. ఆకులో ఏది పడితే అది నోట్లోకి పోతోంది. మొలతాడు ఒరుసుకుంటున్నా తడుముకునే తీరిక అతనికి లేదు. తిప్పన్న చేతులు కడుక్కుని లేచేదాకా తానూ లేవకూడదని, అతను నమిలినంతసేపూ తానూ నములుతున్నాడు. ఆ మనిషి ఒక్క ముద్దకు ఎంత సేపు నములుతాడో ముందే చెప్పుకున్నాం.

మఠానికి వంట చేసే లింగమ్మవ్వను కూడా అతను వదల్లేదు. తిప్పన్నకు ఆమె చాటుగా పెడుతోందేమోనని పొద్దున్నే వంటింట్లోకి దూరేవాడు. నిన్నటి పప్పు రాత్రి ఎవరైనా తాకి నీళ్ళు కలిపారేమోనని ఒక గరిటె రుచి చూసేవాడు. బెల్లం దిమ్మె అంచు ఎవరో కొరికినట్టుందని ఆ అంచు విరిచి, ఇకమీద కొరికితే తెలిసేలా చదును చేసేవాడు. విరిచిన ముక్క పారేయడానికి చేతులెట్లా వస్తాయి? బెల్లం లక్ష్మి కదా.

ఒకరోజు అవ్వే వచ్చి చెప్పింది.

"చెనిక్కాయల మూట దిగిపోతాంది నాయినా. ఎలకలో, మనుషులో తెలీదు."

గంగులప్పకు ప్రాణం లేచొచ్చింది. నిజానికి ఆ వేరుశనగ మూటల వెనకే కదా అతను మధ్యాహ్నమంతా కాపలా కూర్చునేది. పగటిబంతి అయ్యాక అందరూ నడుం వాల్చేవేళ, సామాన్ల కొట్టులో మూటల సందున చేరి వాకిలి మీద చూపు నిలిపేవాడు. పక్కనున్న మూట మూతి విప్పే ఉండేది. ఊరికే కూర్చున్నవాడి చేతులు ఖాళీగా ఉండవు, ఎవరికైనా అంతే. వాకిలి మీద నీడ కదిలితే ఊపిరి బిగబట్టేవాడు. వచ్చింది పిల్లి అయితే విసుక్కునేవాడు. తిప్పన్న రాలేదు. తాను కొట్టులో ఉన్నట్టు వాడు పసిగట్టి, తాను లేనప్పుడు వస్తున్నాడని తేల్చుకున్నాడు. అనుమానం పెనుభూతమన్నారు. దానికి తిండి పెట్టక్కర్లేదు, దానంతట అదే పెరుగుతుంది.

తర్వాత ఒక సాయంత్రం బంతి లేచాక, తిప్పన్న గోడవారన నిలబడి దవడ ఆడిస్తూ కనిపించాడు. గంగులప్ప ఒక్క అంగలో అతని ముందుకొచ్చాడు.

"నోరు తెరువు."

తిప్పన్న తెరిచాడు. నోట్లో నమిలిన వేపపుల్ల ఉంది.

"తిన్న వెంటనే పండ్లు తోముకుంటానన్నా. ఈ చేదుండేదాకా మళ్ళీ తినబుద్ధి కాదు."

"తిన్న వాసన పోవాలంటే కూడా వేపపుల్లే మంచిది."

తిప్పన్నకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం వాడిపోయింది. పుల్ల తీసి చేతిలో పట్టుకున్నాడు.

"పెండ్లిండ్లకు పోతే పందేలు కట్టి తినిపిస్తాండిరన్నా. నా ఆకు చుట్టూ జనం మూగి చూస్తాండిరి. ఇంగొకటి, ఇంగొకటి అని నవ్వుతాండిరి. ఒద్దని లేస్తే కూర్చోబెడతాండిరి. ఈ మఠంలో ఎవురి ఆకు వాళ్ళే చూసుకుంటారని ఒకాయన చెప్తే, ఆ ఒక్క మాటకే వస్తిని."

"దొంగలు ఎప్పుడూ ఏడుపు కథలే చెప్తారు," అన్నాడు గంగులప్ప.

తిప్పన్న పుల్ల పారేసి వెళ్ళిపోయాడు. మర్నాటినుంచి ఆ పిడికెడు కూడా సగమైంది. మజ్జిగ తాగి లేచిపోయేవాడు. లింగమ్మవ్వ బతిమాలితే, ఆకలి లేదవ్వా అనేవాడు. చూశారా, కొట్టులో కడుపు నింపుకొస్తున్నాడు కాబట్టే ఆకలి లేదు అని గంగులప్ప నలుగురికీ చెప్పాడు. నలుగురూ నమ్మారు. పెద్ద పొట్టున్నవాడి మీద తిండి నేరం మోపితే నమ్మని లోకం లేదు. వాళ్ళూ బంతిలో ఓరకంట తిప్పన్న ఆకు చూడసాగారు. ఆ మఠంలో ఎన్నడూ లేని అలవాటు ఒక్క పక్షంలో అందరికీ అంటుకుంది.

అమావాస్యకు ముందురోజు తిప్పన్న తన రెండు పంచెలూ మడిచి మూట కట్టుకున్నాడు. తాత అది చూశాడు.

అమావాస్యనాడు తాళ్ళు ఆరాయి. గంగులప్ప తన తాడు తీసి నడుముకు చుట్టాడు. పూసకు పూస తాకలేదు. ఊపిరి లోపలికి పీల్చాడు. తాకలేదు. తాడు తిప్పి మళ్ళీ చుట్టాడు. రెండు పూసల మధ్య బెత్తెడు సందు, అందులో అతని పొట్ట.

ఆ సందు చూసి ఎవరైనా తల దించుకుంటారు. గంగులప్ప తలెత్తాడు. నేరుగా అరుగు దగ్గరికి వెళ్ళాడు. ఏం జరిగిందోనని తక్కినవాళ్ళూ మూగారు. తిప్పన్న చేతిలో తన తాడుతో వెనక నిలబడ్డాడు.

"తాతా, వాడెంతకు తెగించినాడో చూడండి. ఇది నా తాడు కాదు. గోడమీద ఆరేసినప్పుడు మార్చేసినాడు."

తాత తాడు అందుకుని పూసలు వేళ్ళతో తడిమి పక్కన పెట్టాడు.

"వాడు తింటాంటే చూసినావా?"

"దొరకలేదు తాతా. కానీ తిన్నాడు. చెనిక్కాయల మూట సగానికొచ్చింది. అవ్వనడగండి."

లింగమ్మవ్వ అవునన్నట్టు తలూపింది. తాత లేచాడు. గోడకు చేరేసిన చీపురు, చేట తీసుకుని సామాన్ల కొట్టులోకి వెళ్ళాడు. లోపల చీపురు చప్పుడు చాలాసేపు వినిపించింది. శిష్యులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తాత ఊడ్చడం వాళ్ళెప్పుడూ చూడలేదు.

చేట నిండా వేరుశనగ తొక్కలతో బయటికి వచ్చి, దాన్ని గంగులప్ప ముందు పెట్టాడు.

"మూటల సందులో ఉన్నాయి. ఎవురివిరా ఇవి?"

గంగులప్ప మొహం వెలిగిపోయింది.

"నేను చెప్పలేదా తాతా? ఇంకేం సాక్ష్యం కావల్ల? వాడివే."

"ఆ సందులో మధ్యాన్నాలు ఎవురు కూర్చుంటాండిరి?"

"నేనే తాతా. కాపలాకు."

"ఒక్కదినమన్నా కాపలా తప్పినావా?"

"లేదు తాతా, ఒక్కదినం కూడా లేదు."

"వాడు ఎప్పుడన్నా లోపలికి వచ్చినాడా?"

"రాలే..."

మాట సగంలో ఆగిపోయింది. గంగులప్ప చేట వైపు చూశాడు, తర్వాత తన చేతుల వైపు చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో తొక్కల పొడి ఉంది. తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. బెల్లం తీపి, పప్పు కారం, ఎప్పుడు తిన్నాడో తెలియని ముద్దలన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి. అతనికి జీవితంలో అంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు.

తాత తాడు చేతిలోకి తీసుకున్నాడు.

"నీకంటే సన్నని నడుము ఈ మఠంలో ఎవురిది?"

ఆ సంగతి అందరికంటే గంగులప్పకే బాగా తెలుసు.

"ఎవురిదీ కాదు," అన్నాడు మెల్లగా.

"అయితే ఇంత పొట్టి తాడు నీదే. కట్టుకో."

గంగులప్ప తాడు అందుకోలేదు. వాడన్నా నేనన్నా అన్న మాట అతని చెవుల్లో మోగుతోంది.

"నేను పోతా తాతా."

"పోదువులే. పోయినా నడుము నీతోనే వస్తాది. కట్టుకోని బంతికి రా."

ఒకచోటే నిలబడి చూపు ఎక్కడ పెట్టాలో తెలియక గంగులప్ప పక్కకు చూశాడు. అక్కడ తిప్పన్న తన తాడు కట్టుకుంటున్నాడు. పూసలు రెండూ ఒకదాన్నొకటి దాటిపోయి, తాడు కొస జానెడు పొడవున కిందికి వేలాడుతోంది. ఇన్నాళ్ళూ రెప్ప వేయకుండా చూసినవాడికి అది మటుకు కనబడలేదు.

బంతి వేశారు. మూట కట్టుకున్న తిప్పన్నను లింగమ్మవ్వ చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టింది. పక్కన గంగులప్ప కూర్చున్నాడు. పూసల మధ్య సందుకు ఇంకో దారం ముక్క వేసి ముడేసుకున్న తాడు పంచె కింద కోసుకుపోతోంది.

సంగటి వడ్డించారు. అతను ముద్ద తీయబోతే చెయ్యి కదల్లేదు. ఎదుటివరసలో చూపులు, ఈ వరసలో చూపులు. వడ్డించేవాడి చూపు కూడా. అన్నీ తన ఆకులోనే ఉన్నాయి. ఎంత తింటాడో, ఎట్లా తింటాడో అని చూస్తున్నాయి. ఒక్క ముద్ద మింగేసరికి అతనికి చెమట పట్టింది.

రెండోసారి గరిటె వచ్చింది. గంగులప్ప ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టి, మెల్లగా పక్కకు చూశాడు.

తిప్పన్న తల వంచుకుని తన పిడికెడు సంగటి తాను నములుతున్నాడు. ఆ బంతిలో గంగులప్ప ఆకు చూడనివాడు అతనొక్కడే.