సెంబు నాకే!

అనగా అనగా, సముద్రం ఊరి గుమ్మం దాకా వచ్చి పలకరించి వెళ్ళే రోజుల్లో, ఉప్పుమళ్ళ పక్కన ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో నూకాలు అనే ముసలమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఉప్పు అమ్మేది. ఈ వీధిలో ఆమె కేకేస్తే మూడో వీధిలో పసిపిల్లలు ఉలిక్కిపడి లేచేవాళ్ళు. తల్లులు తిట్టుకునేవాళ్ళు. తిట్టుకుంటూనే ఉప్పు కొనేవాళ్ళు.

ఒక చలికాలం ఊళ్ళోకి దగ్గు జ్వరం వచ్చింది. ఒకరి ఊపిరి నుంచి ఇంకొకరికి అంటుకుంది. సత్రాన్నే ఆసుపత్రి చేసి రోగులందర్నీ అక్కడికి చేర్చారు. మధ్యలో తాటాకు దడి. ఇటు ఆడవాళ్ళు, అటు మగవాళ్ళు. నూకాలూ దగ్గుకుంటూ వచ్చి ఒక మూల చాప పరుచుకుంది.

వైద్యుడు మంచివాడే. రోజూ వచ్చి అందర్నీ అడిగేవాడు: "దగ్గెలా ఉంది? ఆయాసమెలా ఉంది? జ్వరమెలా ఉంది?" అడిగి, ఘాటైన మిరియాల కషాయం పోసేవాడు. కడుపు సంగతి ఆయన అడగలేదు, వీళ్ళు చెప్పలేదు. దగ్గుతోపాటు వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయని ఎవరికి వాళ్ళు దాచుకున్నారు. పెరట్లోకి వెళ్ళడానికి చెంబు అడిగితే అందరికీ తెలిసిపోదూ!

నూకాలు పక్క చాప మీద పైడమ్మ అనే కొత్త కోడలు. దడి అవతలే ఆమె మామగారు. పైడమ్మ మంచినీళ్ళు మానేసింది. గంజి ఇస్తే తల అడ్డంగా ఊపింది. పెదాలు పగిలాయి. కళ్ళు లోపలికి పోయాయి.

"ఏటే పిల్లా, నీల్లు ముట్టవేటి?" అంది నూకాలు.

పైడమ్మ ఆమె చెవిలో చెప్పింది. "తాగితే బయటికెల్లాల మామ్మా. కడుపు నిలవట్లేదు. సెంబు అడిగితే మావగోరు ఇంటారు."

"సిగ్గుకి సచ్చిపోతావేటే?"

పైడమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. నిజంగా చచ్చిపోయేలాగే ఉంది. నూకాలుకి కోపమొచ్చింది, అంతకంటే ఎక్కువ జాలేసింది. లేచి కూర్చుని, ఉప్పు అమ్మే గొంతుతో కేకేసింది.

"సెంబు నాకే! నాకు కడుపు సెడిపోనాది! ఈ పిల్ల నన్ను సెయ్యట్టుకుని తీసుకెల్తాది!"

దడికి అటూ ఇటూ ఒకటే నవ్వులు. ఆ నవ్వుల్లోనే పైడమ్మ చెంబు తీసుకుని, ముసలమ్మను నడిపించుకుంటూ పెరట్లోకి వెళ్ళింది. తిరిగొచ్చి నాలుగు గుక్కల నీళ్ళు తాగింది.

కాసేపటికి పైడమ్మ మొహం మళ్ళీ మారింది. "సెంబు నాకే!" అని నూకాలు మళ్ళీ కేకేసింది. ఈసారి నవ్వులు తగ్గాయి. ఇంకాసేపటికి మూడోసారి "సెంబు నాకే!" అనగానే, దడి అవతల ఒక మగ గొంతు నెమ్మదిగా గొణిగింది.

"ముసలమ్మా, నీ పనయ్యాక ఆ సెంబు కాస్త ఇటు పంపు."

ఎవరనుకున్నారు? పైడమ్మ మామగారే!

ఇంకేముంది, ఇటొకరు అటొకరు, నాకంటే నాకన్నారు. వైద్యుడు వచ్చి విని నెత్తి పట్టుకున్నాడు.

"ఇంతమందికా! అడగందే అమ్మయినా పెట్టదంటారు, చెప్పందే నేనేం చేసేది తల్లీ? నేనూ అడగలేదనుకో. ఈ దగ్గు కడుపులో కూడా దూరిందన్నమాట."

ఘాటు కషాయం ఆపేశాడు. ఉప్పేసిన పల్చటి గంజి కొంచెం కొంచెంగా, మాటిమాటికీ పట్టించమన్నాడు.

"ఉప్పు నాది!" అంది నూకాలు గర్వంగా.

ఒక్కొక్కరే తేరుకున్నారు. పైడమ్మ కళ్ళలోకి వెలుగొచ్చింది. నూకాలుకి మాత్రం ఆయాసం తగ్గలేదు. గొంతు పూర్తిగా పోయింది. ఒక ఉదయం ఆమెకి నిజంగానే చెంబు కావాల్సొచ్చింది. చెయ్యి చాచింది. ఎంత ప్రయత్నించినా మాట రాలేదు.

పైడమ్మ చూసింది. మామగారు దడి అవతలే ఉన్నారు. ఊరంతా అక్కడే ఉంది. ఆ పిల్ల లేచి నిలబడి, సత్రం కప్పు ఎగిరిపోయేలా అరిచింది.

"సెంబు నాకే!"

ఒక్కరూ నవ్వలేదు. పైడమ్మ ముసలమ్మను పసిబిడ్డలా ఎత్తుకుని తీసుకెళ్ళింది, కడిగి తీసుకొచ్చి పడుకోబెట్టింది. నూకాలు ఆమె చెంప తడిమి నవ్వింది. ఆ పూటే కన్నుమూసింది. పైడమ్మ కన్నతల్లి పోయినట్టు ఏడ్చింది.

ఇప్పటికీ ఆ వైపు ఇళ్ళలో ఎవరైనా దగ్గు జ్వరంతో మంచం పడితే, దగ్గు కంటే ముందు కడుపు సంగతి అడుగుతారు. రోగి బిడియపడి నేలచూపులు చూస్తే, ఆ ఇంటి పెద్దావిడ గుమ్మంలో నిలబడి వీధికంతా వినపడేలా "సెంబు నాకే!" అని కేకేస్తుంది. విన్నవాళ్ళెవరూ నవ్వరు. "నూకాలొచ్చింది" అంటూ పక్కకి తప్పుకుని దారిస్తారు.