నక్క కొట్టులో రెండు ప్రాసెసర్లు

కాకరకొండ వెనక, పట్నం వాళ్లు పాత సామాన్లన్నీ తెచ్చి గుమ్మరించే లోయ ఒకటుంది. మనుషులకు అది చెత్తకుప్ప. జంతువులకు అదే అంగడి. విరిగిన ఫ్యాన్లు, చిల్లులు పడ్డ బిందెలు, మూలపడ్డ కంప్యూటర్లు ఏరి, తుడిచి, మెరుగుపెట్టి అమ్ముకునే నక్క పేరు కామేశం. కామేశం మాట నమ్మి బాగుపడ్డవాణ్ణి ఆ లోయలో ఎవరూ చూడలేదు. తేనె కాచే పొయ్యి అని చెప్పి ఎలుగుబంటికి ఇస్త్రీపెట్టె అంటగట్టిన ఘనుడు వాడు.

ఒకనాటి పొద్దున ఆ కొట్టుకి గాడిద గవరయ్య వచ్చాడు.

బుద్ధెరిగినప్పటి నుంచీ గవరయ్య వీపు మీద ఏదో ఒక బరువే. చాకిరేవు మూటలు పోయాక ఇటుకలు, ఇటుకలు పోయాక ఇసుక. ఈ మధ్యనే పెళ్లిళ్లకి కెమెరా పట్టడం నేర్చాడు. గంటల తరబడి కదలకుండా నిలబడటం గాడిదకి వచ్చినట్టు ఇంకెవరికొస్తుంది? బొమ్మ ఇసుమంతైనా వణికేది కాదు. "గవరయ్య తీస్తే ముహూర్తం మళ్లీ వచ్చినట్టుంటుంది" అని అడవిలో పేరొచ్చింది. ఇక తీసినదాన్ని కత్తిరించి, అతికించి, చూడముచ్చటగా చేసివ్వడానికి ఒక కంప్యూటర్ కావాలి. అదొకటి కుదిరితే జన్మలో మళ్లీ ఇసుక మొయ్యక్కర్లేదు.

తోడుగా తాబేలు సూరమ్మని తెచ్చుకున్నాడు. లోకం చూసిన ముసలిదని ఆమె మాటకి విలువిచ్చేవాడు.

కామేశం రెండు పెట్టెలు ముందు పెట్టాడు. "రెండూ పాతవే, రెండూ చవకవే బావా. తేడా అంతా లోపలి ప్రాసెసర్‌లో ఉంది. ఈ ఎర్రపెట్టెలోది రెండు కోర్లది, వేగం మూడున్నర గిగాహెర్ట్జ్. ఈ నల్లదాంట్లోది నాలుగు కోర్లది, వేగం రెండున్నరే. ధర ఓ పిసరు ఎక్కువ."

"నాకేది మంచిది?"

"ఉత్తరాలు టైపు చేసుకునేవాడివైతే ఎర్రది ఇచ్చేవాణ్ణి. నీది వీడియో పని. నల్లది తీసుకో. ఎర్రది నీ పనికి ఆగదు. ఉన్నమాట చెప్తున్నాను."

గవరయ్య చెవులు రెండూ నిటారుగా లేచాయి. కామేశం నోట ఉన్నమాటా! సూరమ్మని పక్కకి పిలిచాడు.

"అత్తా, విన్నావా? నల్లదాంట్లో ఏదో లొసుగుంది. లేకపోతే వీడెందుకు అంటగడతాడు? పైగా ధర కూడా ఎక్కువట. మూడున్నర పెద్దదా, రెండున్నర పెద్దదా? నాకామాత్రం తెలీదా?"

"ఒరే గవరయ్యా, కోరంటే లోపల పనిచేసే వంటవాడు అనుకో. టీ కాచడానికైతే చెయ్యి చురుకైనవాడు ఒకడు చాలు. పెళ్లి వంటకి నలుగురు కావాలి. ఒక్కొక్కడి చెయ్యి కాస్త నిదానమైనా, నాలుగు పొయ్యిల మీద ఒకేసారి వంట సాగుతుంది. నీ పని పెళ్లి వంట. వాడు చెప్పింది నిజమే."

"నక్కకి నా మీద అంత ప్రేమెందుకొచ్చింది?"

"ప్రేమ సంగతి నాకు తెలీదు. నీ దగ్గరున్న వీడియో ముక్కొకటి రెండింటి మీదా వేసి చూడు. ఏది ముందు పూర్తిచేస్తే అది కొను. నక్కనీ నమ్మొద్దు, నన్నూ నమ్మొద్దు."

ఈ మాట కామేశం చెవిన పడింది. "వేసి చూసుకో బావా! సాయంత్రం దాకా ఇక్కడే కూర్చో. నేను కాదంటానా?"

ఆ మాటతో గవరయ్య మనసు పూర్తిగా విరిగిపోయింది. అంత ధైర్యంగా చూసుకోమంటున్నాడంటే ముందే ఏదో అమర్చిపెట్టుంటాడు! పుట్టిన దగ్గర్నుంచీ ప్రతివాడూ తనని 'గాడిదా' అనే తిట్టాడు. తెలివితక్కువతనానికి తన జాతి పేరే పెట్టారు. ఈ ఒక్కసారైనా నక్కని బోల్తా కొట్టించిన గాడిదనని అనిపించుకోవాలి.

"ఎర్రదే ఇవ్వు" అన్నాడు.

కామేశం నుదురు కొట్టుకున్నాడు. "వద్దు బావా! తర్వాత నన్నంటావు."

"ఎర్రదే!"

"నీ ఇష్టం. ఏమ్మా పిచ్చుకలూ, నేను వద్దన్నాను, విన్నారు కదా?" తీగ మీది పిచ్చుకలన్నీ విన్నామన్నాయి. గవరయ్య ఎర్రపెట్టె వీపున వేసుకుని, లోపల్లోపల నవ్వుకుంటూ ఇంటికి నడిచాడు.

మొదటి పనే పెద్ద పని తగిలింది. లేళ్ల మందలో నీలవేణికి కొండ మీద పెళ్లి. ఆమె అమ్మమ్మ పైడమ్మ కాలు ఉచ్చులో నలిగి, పుండు ముదిరి, కొండ ఎక్కలేక కింద గుబురులోనే ఇవాళో రేపో అన్నట్టు పడుంది. ఎత్తి పెంచిన పిల్ల పెళ్లి చూడలేకపోతున్నానని ఆమె బెంగ.

"గవరయ్యా, ఆ తలంబ్రాలు ఒక్కసారి కళ్లారా చూస్తే చాలు నాయనా. ఇంకేం కోరను" అంది.

"రేపు పొద్దెక్కేసరికి నీ ముందుంటుందమ్మా" అని గవరయ్య మాటిచ్చాడు.

పెళ్లంతా తీసి తెచ్చి ఎర్రపెట్టెలో వేశాడు. మరునాడు పొద్దెక్కింది, పొద్దు వాలింది. తెర మీద, పని ఎంతయిందో చూపే గీత చీమలా పాకుతోంది. ఫ్యాను ఈలవేసినట్టు అరుస్తోంది. పెట్టె మీద చెయ్యి ఆనించలేనంత వేడి. సగం దాటాక తెర బిగుసుకుపోయింది. ఆపి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. పోనీ తీసింది తీసినట్టే చూపిద్దామంటే, అందులో బొమ్మ రెండడుగులు వేసి ఆగిపోయేది. పెళ్లికొడుకు చెయ్యెత్తితే ఎత్తినట్టే ఉండిపోయేవాడు, గింజ రాలేది కాదు.

నీలవేణి పరుగున వచ్చింది. "మామా, అయిందా? అమ్మమ్మ అడుగుతోంది."

"ఇదిగో తల్లీ, ఇంకాస్త."

మళ్లీ వచ్చింది. మళ్లీ అదే మాట. గవరయ్య పెట్టెకి తాటాకు విసనకర్రతో విసిరాడు, తడిగుడ్డ చుట్టాడు, దండం కూడా పెట్టాడు. గీత మాత్రం తన నడక తను నడిచింది.

చివరికి ఆ పైరోజు మిట్టమధ్యాహ్నం వేళ వీడియో పూర్తయింది. గవరయ్య పెట్టెను వీపున కట్టుకుని గుబురు వైపు పరుగెత్తాడు. సగం దారిలో నీలవేణి ఎదురైంది. ఈసారి ఆమె పరుగెత్తడం లేదు.

"అయిపోయిందమ్మా, తెచ్చేశాను!"

"అమ్మమ్మ పోయింది మామా" అందామె. "చివరిదాకా నీ దారే చూసింది. గవరయ్య మాట తప్పడు, వస్తాడు అంటూనే ఉంది" అంది.

తిట్టి ఉంటే బాగుండేది. ఆమె తిట్టలేదు. ఆ వీడియో అడగనూ లేదు.

గవరయ్య అక్కడి నుంచి సూటిగా కామేశం కొట్టుకి పోయాడు. కొట్టు పక్కన కొత్తగా రంగులేసిన గది, తలుపు మీద పూలదండ. లోపల కామేశం మేనల్లుడు నల్లపెట్టె ముందు కూర్చుని నెమళ్ల పెళ్లి వీడియో చేస్తున్నాడు. తెర మీద గీత ఏటి నీళ్లలా జారిపోతోంది.

"మోసం!" అని గవరయ్య ఓండ్రపెట్టాడు.

జంతువులన్నీ పోగయ్యాయి. కామేశం చేతులు కట్టుకున్నాడు. "ఏం మోసం బావా? నల్లది తీసుకోమన్నాను. ఎర్రది నీ పనికి ఆగదన్నాను. వేసి చూసుకోమన్నాను. అబద్ధమొక్కటి ఆడి ఉంటే ఈ పిచ్చుకల్నే చెప్పమను."

"అవును, వద్దనే అన్నాడు" అన్నాయి పిచ్చుకలు. ఎవరో కిసుక్కున నవ్వారు. "ఎంతైనా గాడిద గాడిదే!"

జనం తప్పుకున్నాక కామేశం దగ్గరకొచ్చి చెవిలో అన్నాడు. "నల్లది మావాడికి కావాలి. అమ్మనని దాచిపెడితే అదే కావాలని పట్టుబట్టేవాడివి. నా కొట్లో వస్తువు అమ్ముడుపోకుండా ఉండాలంటే ఒకటే దారి బావా. దాని గురించి నిజం చెప్పడం."

గవరయ్య చెవులు వేలాడేసుకుని బయటికొచ్చాడు. అక్కడ సూరమ్మ నిలబడి ఉంది. పక్కన నడిచింది, అంతే.

ఆ తర్వాత గవరయ్యకి ఒక్క పెళ్లి కూడా రాలేదు. అన్నీ మేనల్లుడికే పోయాయి. పెళ్లి పెళ్లికీ వాడి దీపాలు, జెనరేటరు కొండ మీదికి మోసేది మాత్రం గవరయ్యే. తలంబ్రాల వేళకి మొహం తిప్పుకుని నిలబడతాడు.

మాటని చెప్పిన నోటిని బట్టి తూచేవాణ్ణి ముంచడానికి అబద్ధం కూడా అక్కర్లేదు.