పై రేకులు తీసేసిన ఇడ్లీ

పింగళకోట నగరంలో జనం మరీ ఎక్కువైపోయారనిపించింది రాజు ఉద్దండవర్మకు. మేడలు లేకపోతే జనం తగ్గుతారని లెక్క వేసి, పై అంతస్తులన్నీ కూల్పించి, ఇక ఎవరూ మేడ కట్టకూడదని దండోరా వేయించాడు.

పనులూ సంతా ఉన్న ఊరు కదా, జనం వస్తూనే ఉన్నారు. ఏడాది తిరిగేసరికి ఒక్కో గదిలో మూడేసి కుటుంబాలు, అద్దెలు మాత్రం ఆకాశంలో! రాజుకు బుర్ర తిరిగిపోయింది. "మేడలే లేవే, ఇంతమంది ఎలా ఉన్నారయ్యా?" అంటే మంత్రులు గడ్డాలు గోక్కున్నారు.

ఆ అయోమయంలోనే ఊరు చూడబోయి, ఆకలేసి, నాంచారమ్మ ఇడ్లీల అంగడి దగ్గర ఆగాడు. ఆమె ఆకులో ఒక పెద్ద ముద్ద పెట్టింది. రాజు కొరికాడు. లోపలంతా పచ్చిపిండి.

"ఇదేం ఇడ్లీ?"

"పదహారు ఇడ్లీల పిండి ప్రభూ. పై మూడు రేకులూ తీసేసి, అంతా అడుగు రేకులోనే పోశాను."

"పై రేకులెందుకు తీశావే, పిచ్చిదానా?"

"మేడలు తీసేస్తే జనం తగ్గుతారన్నారుగా తమరు. రేకులు తీసేస్తే పిండి తగ్గుతుందనుకున్నాను."

రాజు నోట్లోది మింగలేక, కక్కలేక, దండోరా వాణ్ణి రమ్మని చేత్తోనే సైగ చేశాడు.