ముందుగా అన్నదెవరు?

మల్లెవాక రాజ్యాన్ని గజాంకభూపతి ఏలుతున్న కాలంలో జరిగిన సంగతి ఇది.

రాజు చెడ్డవాడు కాడు. కానీ తన తెలివి మీద ఆయనకు గౌరవం కాస్త ఎక్కువ. పండితులు తాటాకుల కట్టలు నింపి చెప్పేదాన్ని తాను ఒక్క వాక్యంలో చెప్పేయగలనని ఆయన నమ్మకం.

రోజూ సభలో సగం పొద్దు ఆలుమగల తగవులతోనే గడిచిపోతోందని విసిగి, ఒకనాడు ఆయన కోట గుమ్మం పక్కన రాతి మీద ఒక శాసనం చెక్కించాడు. "కూడి బతుకుతున్న ఇద్దరిలో విడిపోదామని ముందుగా ఎవరంటారో, వారు కట్టుబట్టలతో వెళ్ళిపోవలెను. మిగిలినదంతా రెండవవారిది."

ఆ మర్నాటి నుంచి విడాకులు కోరి సభకు వచ్చినవారు ఒక్కరూ లేరు.

"చూశారా! నా రాజ్యంలో కాపురాలన్నీ ఎలా చల్లబడ్డాయో!" అని రాజు మీసం దువ్వుకునేవాడు. సభ అంతా తలలూపేది.

ఆ కొలువులో మైలారయ్య అనే సలహాదారు ఉండేవాడు. ఏ సంగతి విన్నా దాని వెనక ఏముందో తెలుసుకునేదాకా ఆయనకు స్థిమితం ఉండదు. ఇంతమంది జగడాలు ఒక్క రాతితో ఎలా ఆగిపోయాయి? ఆ ప్రశ్న ఆయన్ని తొలుస్తూనే ఉంది.

ఒకరోజు ఆయన మనవరాలికి బొమ్మ కొందామని బజారుకు వెళ్ళాడు. లక్క బొమ్మలకు పేరుపడిన కామోజు దుకాణంలో బొమ్మలన్నీ వట్టి చెక్కతో, రంగు లేకుండా ఉన్నాయి.

"ఇదేమిటి కామోజూ? లక్క దొరకడం లేదా?"

"చెక్కేవాణ్ణి నేనండి. రంగు వేసేది మా ఆవిడ. మా ఇద్దరికీ మాటల్లేవు."

"ఎందుకని?"

కామోజు చేతిలోని ఉలి పక్కన పెట్టాడు. "మా మామగారికి జబ్బు చేసిందని కబురొచ్చిందండి. పండగ సరుకు పూర్తి చేసి వెళ్దువుగానిలే అన్నాను. ఈలోపే ఆయన పోయాడు. ఆనాటి నుంచి ఆమె నా మొహం చూడదు. తప్పు నాదేనండి, ఎన్నిసార్లు ఒప్పుకున్నా విరిగిన మనసు అతకలేదు."

"అలాంటప్పుడు ఎవరి బతుకు వారు చూసుకోవచ్చు కదా?"

"అమ్మో! ఆ మాట ముందు నేనంటే నా పనిముట్లు పోతాయి, ఇల్లు పోతుంది. పిల్లనైనా మళ్ళీ చూడనిస్తారో లేదో. ఆమే అంటుందేమోనని ఎదురుచూస్తున్నాను."

మైలారయ్య అక్కణ్ణుంచి నేరుగా వాళ్ళ ఇంటికి వెళ్ళాడు. కామోజు భార్య మల్లాంబ వాకిట్లో బియ్యం ఏరుతోంది. పక్కన ఎనిమిదేళ్ళ కూతురు గౌరి కూర్చుని ఉంది.

మల్లాంబ మొదట బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. మెల్లగా అడగ్గా అడగ్గా కళ్ళు తుడుచుకుంది.

"మా నాన్న కడచూపు నాకు దక్కలేదండీ. ఇక ఈ మనిషితో కాపురం నావల్ల కాదు. కానీ వెళ్తానంటే పిల్లను నాతో పంపిస్తారా? మా అమ్మ పెట్టిన నగలు నావేనా? ఈ గోడలకు నేనూ మట్టి మోశాను, ఇందులో నాకేమీ లేదా? నా కాళ్ళ మీద నేను నిలబడేదాకా నాకింత తిండి ఎవరు పెడతారు? ఇవన్నీ ఎవరినైనా అడగాలని ఉంది. అడిగితే ముందు నేనే అన్నట్టవుతుందని భయం. ఆయనే అంటాడేమోనని చూస్తున్నాను."

మైలారయ్య గౌరి వైపు తిరిగాడు. "నువ్వేం చేస్తుంటావమ్మా?"

"అమ్మ చెప్పింది నాన్నకు చెప్తాను. నాన్న చెప్పింది అమ్మకు చెప్తాను" అంది ఆ పిల్ల. "తిట్లయితే మధ్యలోనే మర్చిపోయానని చెప్తాను."

మైలారయ్యకు ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాడు సభ తీరగానే ఆయన లేచాడు. "ప్రభూ, మీ శాసనం గురించి నాకు కొన్ని సందేహాలు. ఒక జంట విడిపోతే పిల్లలు ఎవరి దగ్గరుండాలి?"

"శాసనంలో ఉంది. ముందు అననివారి దగ్గర."

"ముందు అన్నది తల్లి అయితే, చంకలో పాలు తాగే బిడ్డ ఉంటే?"

రాజు గొంతు సవరించుకున్నాడు. "ఉంటే ఏముంది? శాసనం శాసనమే."

"ఇల్లు ఇద్దరూ కలిసి కట్టుకున్నదైతే? పుట్టింటివారు పెట్టిన నగలైతే? మొగుడు కొడుతుంటే తాళలేక ఆమె ముందుగా అంటే? విడిపోయాక వాళ్ళు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చునా? పోనీ ఇద్దరూ ఒకేసారి అంటే?"

"మైలారయ్యా, ఇక చాలు!"

"ఇంకొక్కటే, ప్రభూ. ఊరికే సందేహం అడిగినా ముందు అన్నట్టేనా?"

రాజు ముఖం కందగడ్డ అయింది. నిండు సభలో తన ఒక్క వాక్యానికి ఇన్ని చిల్లులు పొడుస్తుంటే ఎలా ఊరుకుంటాడు? సింహాసనం మీద నుంచి లేచి నిలబడ్డాడు.

"ఇక నీకూ నాకూ పొసగదు! ఈ క్షణం నుంచి నీ దారి నీది, నా దారి నాది!"

మైలారయ్య తల వంచి నమస్కరించి, ఎంతో వినయంగా అడిగాడు.

"చిత్తం. అయితే ప్రభువులు ఏ దారిన బయలుదేరుతున్నారు?"

"నేనా? నేనెందుకు బయలుదేరతాను? వెళ్ళవలసింది నువ్వు!"

"మనిద్దరం ఇన్నేళ్ళుగా ఈ కోటలో కూడి బతుకుతున్నాం. విడిపోదామని నేనెన్నడూ అనలేదు. ముందుగా అన్నది తమరే. సభ అంతా విన్నది."

"అది ఆలుమగలకు రాసిన శాసనం!"

"రాతి మీద ఆలుమగలని లేదు ప్రభూ. 'కూడి బతుకుతున్న ఇద్దరు' అనే ఉంది."

రాజు మంత్రి వైపు చూశాడు. మంత్రి పైకప్పు వైపు చూశాడు. తర్వాత, "అలాగే ఉంది మహాప్రభో" అన్నాడు నెమ్మదిగా.

తన మాటకు తిరుగులేదని చెప్పుకునే రాజు ఇప్పుడు ఆ మాట తిప్పుకోలేడు. తల మీది కిరీటం తడుముకున్నాడు.

"ఈ కిరీటం... కట్టుబట్టల లెక్కలోకి వస్తుందా?"

"బట్టతో చేసింది కాదు కదా ప్రభూ."

"మరి ఈ కోట? గోపురం మా తాతగారు కట్టించారయ్యా!"

"మిగిలినదంతా రెండవవారిది."

"యువరాజు? వాణ్ణి చూడకుండా నేనుండలేను. వాడు ఎవరి దగ్గర ఉంటాడు?" రాజు గొంతులో ఈసారి అధికారం లేదు. "అసలు ఈ రాత్రికి నాకు తిండెక్కడ? కోపంలో ఒక మాట అన్నంత మాత్రాన ఇదంతా పోవలసిందేనా?"

మైలారయ్య నవ్వలేదు. "ప్రభూ, పొద్దుటి నుంచి నేనడుగుతున్నవి ఇవే. మీ రాజ్యంలో కాపురాలు చల్లబడలేదు. మీకు ఇప్పుడు వచ్చిన ఈ సందేహాలను గొంతులో దాచుకుని, జనం ఒకే కప్పు కింద బిగుసుకుని కూర్చున్నారు."

అని కామోజు ఇంటి సంగతి విన్నది విన్నట్టు చెప్పాడు. గౌరి తిట్లు మర్చిపోతున్న సంగతి దగ్గర రాజు కళ్ళు దించుకున్నాడు.

కాసేపటికి ఆయన భుజాలు కదిలాయి. సభికులు భయపడ్డారు. చూస్తే రాజు నవ్వుతున్నాడు.

"ఒక్క వాక్యం రాసినందుకు కోట పోగొట్టుకున్నానయ్యా! నా కోట నాకిచ్చెయ్. ఆ రాయి పీకించేస్తాను."

ఆ సాయంత్రమే కామోజును, మల్లాంబను పిల్లతో సహా సభకు పిలిపించారు. రాజు వాళ్ళ సందేహాలన్నీ ఓపిగ్గా విన్నాడు. చివరికి గౌరిని పక్కకు పిలిచి, "నీకెవరి దగ్గర ఉండాలనుంది?" అని అడిగాడు.

"ఎవరి దగ్గరైనా ఫర్వాలేదండి. వాళ్ళ మాటలు మోయడం మాత్రం నావల్ల కాదు."

రాజు తీర్పు చెప్పాడు. పుట్టింటి నగలు మల్లాంబవి. పనిముట్లు, దుకాణం కామోజువి. పిల్ల తల్లి దగ్గర పెరుగుతుంది, అది పెద్దదయ్యేదాకా ఇల్లు తల్లీకూతుళ్ళది. కామోజు కూతుర్ని ఎప్పుడు చూడాలన్నా చూడవచ్చు, ఎవరూ అడ్డు చెప్పరాదు. మల్లాంబ సొంతంగా నిలదొక్కుకునేదాకా వాళ్ళ తిండిగింజలు కామోజు చూడాలి. మళ్ళీ పెళ్ళి చేసుకోవడం ఎవరి ఇష్టం వారిది.

కామోజు తలూపాడు. వెళ్ళబోతూ మల్లాంబ వైపు తిరిగి, "పిల్లకు రాత్రిళ్ళు దగ్గొస్తోంది, చూసుకో" అన్నాడు. "చూసుకుంటాలే" అంది మల్లాంబ. ఆ మాటలు గౌరి మోయవలసిన అవసరం లేకపోయింది.

రాజు తన భుజం మీది శాలువా తీసి మైలారయ్యకు కప్పాడు. "ఇంకేం కావాలో కోరుకో."

"కోట గుమ్మం దగ్గర ఒక గది ఇప్పించండి ప్రభూ. కాపురాల గురించి ఎవరికి ఏ సందేహం ఉన్నా వచ్చి నన్ను అడగాలి. అడిగినంత మాత్రాన విడిపోతున్నట్టు కాదని పైన రాయించండి."

"ఇచ్చాను! రేపటి నుంచే కూర్చో!" అన్నాడు రాజు దర్జాగా.

అప్పుడు, తెర వెనక కూర్చుని అంతా వింటున్న మహారాణి గొంతు వినిపించింది. "మైలారయ్యా, రేపు ఆ గది తలుపులు ఏ వేళకు తీస్తారు?"

రాజు నవ్వు ఠక్కున ఆగిపోయింది. మైలారయ్య రాజు వంక చూసి, "ప్రభువులు మీతో కాసేపు మాట్లాడాక తీస్తానమ్మా" అన్నాడు.

ముందు రాణి నవ్వింది. ఆమె నవ్వింది కదా అని ధైర్యం తెచ్చుకుని రాజూ నవ్వాడు. నవ్వుతూనే, ఎవరూ పిలవకుండానే లేచి, తెర వెనక్కి నడిచాడు.